ఆరాక చూసిన గీత

నా పని రంగులు చూడడం. నూలుకి రంగు వేసే ఫ్యాక్టరీలో, కొనేవాళ్ళు పంపిన గుడ్డముక్కని ఒక చేత్తో, మేం రంగు వేసిన నూలు కట్టని, చిలప అంటాం దాన్ని, ఇంకో చేత్తో పట్టుకుని, రెండూ ఒకటేనా కాదా అని చెప్పాలి. అంతే. "కూర్చుని చూడ్డమే కదా" అంటారు మా ఆయన. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. చేతికి గ్రీజు అంటని పని ఏదైనా ఆయన దృష్టిలో సెలవే. కానీ ఆ చూడ్డం అందరివల్లా కాదు. పక్కపక్కన పెట్టిన రెండు నీలాలు మీకు కవలపిల్లల్లా కనిపిస్తే, వాటిలో ఒకదానికి జలుబు చేసిందని నాకు తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలో నన్ను డేగ అంటారు. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచి పదేళ్ళయింది.

ఈ పని నాకు నేర్పింది మా అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఉత్తరం కిటికీ దగ్గర బల్ల ముందు తను కూర్చునేది, పక్కన స్టూలు మీద నేను. మొదటిరోజే చెప్పింది. "తడి మీద తీర్పు చెప్పకు. తడిగా ఉన్న రంగు ముదురుగా కనిపిస్తుంది, మెరుస్తుంది, నిన్ను బుట్టలో వేసుకుంటుంది. ఆరనివ్వు. పూర్తిగా ఆరాక, ఎండ పడని ఉత్తరం వెలుతుర్లో చూసి, అప్పుడు నోరు విప్పు." ఒకసారి ఆత్రం కొద్దీ తడి చిలపని చూసి సరిపోయిందన్నాను. వంద చిలపలు మళ్ళీ రంగు కుండీలో పడ్డాయి. అక్క ఒక్క మాట అనలేదు. ఆ వారమంతా నాతో అసలు మాట్లాడలేదు, అంతే. ఆ తరవాత పదిహేడేళ్ళలో తడి మీద నేను నోరు విప్పింది లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచబోయింది ఇదే.

ఆ ఏడాది జబ్బు ప్రపంచమంతా తిరుగుతోంది. అందరం మూతికి గుడ్డ కట్టుకుని, ఎవరు దగ్గినా రెండడుగులు వెనక్కి వేస్తున్నాం. అక్కకి వచ్చింది మాత్రం ఆ జబ్బు కాదు. తనకి రక్తం తయారయ్యే చోటే పాడైంది. ఎముకల్లో మూలుగ మార్చాలన్నారు. నాది తీసుకోండని ముందు చెయ్యి చాపింది నేనే. సరిపోలేదన్నారు. లోకంలో ఉన్న రంగులన్నీ సరిపోల్చేదాన్ని, సొంత అక్కకి సరిపోలేదు. మూడు రోజులు ఏడ్చాను. చివరికి ముక్కూ మొహం తెలియని మనిషెవరిదో సరిపోయింది.

గురువారం పొద్దున అక్కని ఒక గదిలోకి తీసుకెళ్తారు. మందులతో పాత మూలుగని పూర్తిగా చంపేసి కొత్తది ఎక్కిస్తారు. నలభై రోజులు ఎవర్నీ లోపలికి రానివ్వరు. ఆ రోజుల్లో ఎవరి దగ్గర్నించైనా చిన్న జలుబు అంటుకున్నా, దాన్ని ఆపడానికి తన ఒంట్లో ఏమీ ఉండదు. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళందరూ బయటికి రారని కూడా డాక్టరు చెప్పాడు. మెల్లగానే చెప్పాడు, కానీ చెప్పాడు.

బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఒకే ఒక్క మనిషిని చూడనిస్తారు. ఆ మనిషి ఆ రోజే ఇంట్లో టెస్టు చేసుకుని, ఒక్క గీతే ఉన్న ఫోటో వార్డు నర్సుకి పంపాలి. రెండో గీత వస్తే ఊళ్ళో తిరుగుతున్న ఆ జబ్బు ఉన్నట్టు, రానివ్వరు. అక్క పెళ్ళి చేసుకోలేదు. తనకి దగ్గరవాళ్ళంటే మేమే. నన్ను రమ్మంది.

"రంగున్నదేదైనా వేసుకుని రావే" అంది ఫోన్లో. "ఇక్కడ గోడలు తెలుపు, దుప్పట్లు తెలుపు, పెట్టే తిండి కూడా తెలుపే. కళ్ళు తుప్పు పట్టిపోతున్నాయి."

ఏం వేసుకోవాలో నాకు తెలుసు. రంగుల పాళ్ళు కలిపేది ఎప్పుడూ అక్కే. తను ఆసుపత్రిలో చేరాక నేను మొదటిసారి ఒంటరిగా కలిపిన ఆకుపచ్చ ఒకటుంది. పక్కన అడగడానికి ఎవరూ లేకుండా, ఎవరి ఊతం లేకుండా కలిపాను. కొన్నవాళ్ళు ఒక్క మాట అనకుండా తీసుకున్నారు. మిగిలిన నూలుతో శాలువా నేయించుకున్నాను. అక్క దాన్ని ఇంకా చూడలేదు. అది కప్పుకుని గుమ్మంలో నిలబడితే అక్క మొహం ఎలా ఉంటుందో వారం రోజుల్నించీ ఊహించుకుంటున్నాను.

కిట్టు దొరకడం పెద్ద తతంగమైంది. మంగళవారం ఆరు మందుల షాపులు తిరిగాను. ఆరు షాపులకీ ఒకటే బోర్డు, "టెస్టు కిట్లు లేవు" అని, మనం నోరు తెరిచే పని కూడా లేకుండా. బుధవారం పొద్దున ఏడోదాని ముందు వరసలో నిలబడ్డాను. ఎడంగా నిలబడ్డానికి రోడ్డు మీద గుండ్రాలు గీశారు. ఒక్కో గుండ్రం ఒక్కో పసుపు. పెయింటు అయిపోయినప్పుడల్లా కొత్త డబ్బా తెచ్చి, పాతదాంతో పోల్చకుండా గీసేశారు. నా వంతు వచ్చేదాకా నాకు అదే కాలక్షేపం.

"జ్వరమా?" అన్నాడు షాపతను అద్దం వెనకనుంచి.

"లేదు."

"దగ్గు?"

"అదీ లేదు."

"మరెందుకమ్మా? నా దగ్గర ఉన్నవి మూడే పెట్టెలు. జ్వరం ఉన్నవాళ్ళకని దాచాను."

అక్క సంగతి చెప్పాను. మూలుగ, తెల్ల గది, నలభై రోజులు, అన్నీ. నెమ్మదిగా చెబుదామనుకున్నాను గానీ వరసంతా వినపడేలా చెప్పేశాను. వెనక గుండ్రంలో నిలబడ్డ పెద్దావిడ "ఇచ్చెయ్యి నాయనా" అంది. అతను కాసేపు నన్నూ, ఆవిడనీ, పెట్టెల్నీ చూసి, ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"లోపల రెండు ఉంటాయి. కాగితం కూడా ఉంటుంది. అది చదివి చెయ్యండి."

"చదువుతాను" అన్నాను.

అన్నప్పుడు నిజంగానే అన్నాను. కానీ కాగితాలు చదివే అలవాటు నాకు పుట్టుకతో లేదు. ఇంటికి కొత్త వస్తువేదైనా వస్తే మా అత్తయ్య దాని కాగితం ముందునుంచి వెనక్కి చదువుతారు, నేను మీట నొక్కి చూస్తాను. ఈ కాగితం మరీ అన్యాయం. చీమ తలకాయంత అక్షరాలు, ఎనిమిది మడతలు. పైనున్న బొమ్మలు మాత్రం చూశాను. ముక్కులో పుల్ల, చిన్న గొట్టంలో పుల్ల, తెల్ల డబ్బీ మీద నాలుగు చుక్కలు. ఇందులో చదవడానికేముంది అనిపించి కాగితం చెత్తబుట్టలో పడేశాను.

పదకొండింటికి చేశాను. ముక్కులో పుల్ల తిప్పుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అత్తయ్య గుమ్మంలో నిలబడి నాతోపాటు మొహం ముడుచుకున్నారు. నాలుగు చుక్కలు వేశాను. ఆ తరవాత జరిగింది మాత్రం అద్భుతంగా ఉంది. డబ్బీ మధ్యలో ఉన్న సన్నటి కిటికీలో తడి మెల్లగా పాకుతోంది. నూలు కొసని రంగులో ముంచితే ఎలా పైకి ఎక్కుతుందో, అచ్చం అలాగే. ముందంచున లేత గులాబీ నురగలాంటిది నడుస్తోంది. దీంట్లో ఎవరు ఏ రంగు దాచారు, అది ఎక్కడ ఆగాలో దానికెలా తెలుసు అని వంగి చూస్తున్నదాన్ని, ఉలిక్కిపడి కళ్ళు తిప్పేసుకున్నాను. తడి. తడి మీద చూడకూడదు.

డబ్బీని తీసుకెళ్ళి వెనకగది ఉత్తరం కిటికీలో పెట్టి, దుమ్ము పడకుండా స్టీలు గిన్నె బోర్లించాను.

"ఏమొచ్చిందో చూడవా?" అన్నారు అత్తయ్య.

"ఆరాలి అత్తయ్యా."

"ఆరాలని వాళ్ళు చెప్పారా?"

"నేను చెబుతున్నాను."

అత్తయ్య తల అడ్డంగా ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయారు. నా కళ్ళ మీద ఆవిడకి ఎంత నమ్మకముందో తెలీదు గానీ, నా నోటితో పెట్టుకోరు.

ఒంటిగంటకి గిన్నె తీశాను. రెండు గీతలున్నాయి. మొదటిది ముదురు గులాబీ. రెండోది వెంట్రుకంత సన్నగా, ఉందా లేదా అన్నట్టు, కానీ ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను, దూరంగా పెట్టి చూశాను, ఒక కన్ను మూసి చూశాను. నా కళ్ళకి ఒకసారి దొరికిన గీత మళ్ళీ పోదు. శాలువా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పరిచి ఉంది. దాని పక్కన నేల మీద కూలబడిపోయాను.

అక్కకి ఫోన్ చేశాను. చెప్పలేక చెప్పలేక, రెండో గీత వచ్చిందని చెప్పి భోరుమన్నాను.

"ఏ రంగు?" అంది అక్క.

ఇక్కడ నా ప్రాణం పోతుంటే రంగు అడుగుతోంది. ఒళ్ళు మండింది.

"ఏ రంగైతే ఏంటే? బూడిద రంగు."

"మొదటి గీత?"

"గులాబీ."

"రెండు గీతలకీ వాళ్ళు వేసింది ఒకే రంగు కదా. తక్కువైతే లేత గులాబీ అవ్వాలి, బూడిద ఎందుకవుతుందే?" అని ఆగింది. "ఎప్పుడు చూశావు?"

"ఆరాక."

అవతల నవ్వు మొదలైంది. అక్క అంతలా నవ్వి నెలలయింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, మళ్ళీ నవ్వి, "ఆరబెట్టావా? ఉత్తరం కిటికీలోనా?" అంది.

"నువ్వే కదే నేర్పింది!"

"నూలుకి నేర్పానే పిచ్చిదానా. కాగితంలో ఏముందో చూడు."

అప్పటికే అత్తయ్య చెత్తబుట్టలో చెయ్యి పెట్టి కాగితం బయటికి తీశారు. మడతలు సాపు చేసి, తన భూతద్దం తెచ్చుకుని, ఫోన్లో అక్కకి కూడా వినిపించేలా గట్టిగా చదివారు. ఫలితాన్ని పదిహేను నిమిషాల తరవాత చూడాలట. ముప్పై నిమిషాలు దాటితే చూడకూడదట. తడి ఆరిపోయేటప్పుడు గీతలాంటి మరక ఏర్పడవచ్చునట, దాన్ని లెక్కలోకి తీసుకోరాదట. చదవడం అయ్యాక అత్తయ్య భూతద్దంలోంచి నావైపు చూశారు. ఒక కన్ను చాలా పెద్దదిగా కనిపించింది.

"మరి దీని సంగతేంటి?" అన్నాను డబ్బీ చూపించి.

"అది ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. పాడుచేశావు" అంది అక్క. "రెండోది ఉందిగా. ఈసారి మనుషుల్లా చెయ్యి. నాలుగింటికి నీకోసం చూస్తుంటాను."

మా ఆయన రెండింటికి వచ్చారు. నన్ను ఆసుపత్రికి దింపడానికి సగం రోజు సెలవు పెట్టారు. జరిగింది విని, నవ్వొచ్చి కూడా నవ్వకుండా ఉన్నారు. అందుకు ఆయనకి ఏదైనా ఇవ్వొచ్చు. రెండో కిట్టు ఆయన ఎదురుగా చేశాను. ఫోన్లో పదిహేను నిమిషాలకి అలారం పెట్టారు. లిఫ్టు ఆగిపోయినప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడతారే, అలా మాట్లాడుతూ కూర్చున్నారు. డబ్బీ వైపు చూడకుండా ఉండడానికి నేను గడియారం వైపు చూశాను.

అలారం మోగింది. ముగ్గురం వంగాం.

"ఒక్కటే" అన్నారు మా ఆయన.

"ఒక్కటే" అన్నారు అత్తయ్య భూతద్దంతో. "నిక్షేపంలా ఒక్కటే ఉంది. వెళ్ళి రా అమ్మాయ్."

మా ఆయన ఫోటో తీసి నర్సుకి పంపేశారు. ఫోటోలో కూడా ఒక్కటే. నేను డబ్బీ మీదికి ఇంకా వంగే ఉన్నాను. రెండో గీత ఉండాల్సిన చోట నాకేదో కనిపిస్తోంది. పాలల్లో ఒక్క చుక్క గులాబీ వేసి కలిపేస్తే ఉండేంత. బూడిద కాదు, గులాబీ.

"ఉంది" అన్నాను.

"ఎక్కడ?"

"అక్కడే. లేత గులాబీ."

మా ఆయన డబ్బీని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, అటూ ఇటూ వంచి చూసి తెచ్చారు. "ఇందాకటిదాకా ఏడ్చిన కళ్ళు అవి. ఇందాక కూడా ఉందన్నావు, తీరా చూస్తే మరక. ఇప్పుడు భయంతో చూస్తున్నావు, భయపడితే ఏదైనా కనిపిస్తుంది."

ఆ మాట నిజం కావొచ్చు. నాకూ అదే నిజమైతే బావుండుననిపించింది. ఇద్దరు మనుషులు, ఒక భూతద్దం, ఒక ఫోన్ కెమెరా లేదంటుంటే నేనొక్కదాన్నే ఉందంటున్నాను. నా ఒంట్లో జ్వరం లేదు, దగ్గు లేదు, గొంతులో గరగర కూడా లేదు. లేనిది చూస్తున్నానా? దానికన్నా భయం, లేదని నన్ను నేను నమ్మించుకుంటున్నానా? చూసేదీ నేనే, వెళ్ళాలనుకునేదీ నేనే అయినప్పుడు ఏ కన్నుని నమ్మాలి?

"మీ ఫ్యాక్టరీలో ఏటా పెడతారు కదా కళ్ళ పరీక్ష, అది పెడదాం" అన్నారు మా ఆయన.

ఆ పరీక్ష గురించి ఆయనకి బాగా తెలుసు. ఏటా పదికి పది వచ్చిందని వారం రోజులు ఇంట్లో నేను చేసే హడావిడి అలాంటిది. ఏది ఏదో చెప్పకుండా చిలపల జతలు చూపిస్తారు. కొన్ని ఒకే రంగు, కొన్ని తేడావి. ఊహించి చెబితే ఐదో ఆరో వస్తాయి. చూసి చెబితే పది వస్తాయి.

గడువు ముప్పై నిమిషాలు. అప్పటికే పద్దెనిమిది అయిపోయాయి. మా ఆయన చకచకా కిట్టు పెట్టె అట్ట చింపి, బ్లేడుతో సన్నటి సందు కోశారు. దాన్ని డబ్బీ మీద పెడితే సందులోంచి ఒక చోటే కనబడుతుంది. ఒకసారి గీత ఉండాల్సిన చోటు, ఒకసారి దాని పక్కన వట్టి చోటు. ఎక్కడ ఆపాలో ఆయనకి తెలియడానికి తనవైపు పెన్సిలు గుర్తులు పెట్టుకున్నారు. అత్తయ్య నాణెం ఎగరెయ్యాలి. బొమ్మ పడితే గీత చోటు, బొరుసు పడితే వట్టి చోటు. ఆ నాణెం నాకు కనిపించకూడదు. నేను గోడవైపు తిరిగి నిలబడాలి, పిలిచినప్పుడు తిరిగి చూసి చెప్పాలి. నేను సరిగ్గా చెప్పినప్పుడల్లా అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుని ఒక వేలు ముడుస్తారు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పరీక్ష తప్పాలని కోరుకున్నది అదొక్కసారే.

"చూడు" అన్నారు. తిరిగాను.

"ఉంది."

గోడ. నాణెం చప్పుడు. "చూడు."

"లేదు."

"చూడు."

"లేదు."

నాలుగోసారికి నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఆలోచించాల్సిన పనే పడలేదు. సందులోకి చూడగానే తెలిసిపోతోంది, వట్టి తెలుపు ఒకటి, గులాబీ సోకిన తెలుపు ఒకటి. ఐదోసారి తిరిగేముందు ఒక ఆలోచన వచ్చింది. తప్పు చెబితే? కావాలని నాలుగు తప్పులు చెబితే? ఎవరికి తెలుస్తుంది? నా కళ్ళలోకి దూరి చూసేవాళ్ళు లేరు. భయంతో కనబడిందిలే అని అందరం ఊపిరి పీల్చుకుంటాం. నాలుగింటికి అక్క గుమ్మంలో ఉంటాను.

"చూడు."

ఉంది. లేదు అందామని నోరు తెరిచాను. "ఉంది" అనే వచ్చింది.

అది మంచితనమనుకోకండి. పొగరు. ఉన్న రంగుని లేదని ఈ నోరు ఎప్పుడూ అనలేదు, దానికి చేతకాలేదు.

ఆరోది అయ్యాక ఫోన్ టింగుమంది. మా ఆయన చదివి, బల్ల మీద పెట్టేశారు. ఏంటని అడిగాను. నర్సు దగ్గర్నించి అన్నారు. ఫోటో చూశారట, రావచ్చట.

గోడవైపు తిరిగాను. గోడ మీద సున్నం పెచ్చు ఊడినచోట పాత రంగు కనిపిస్తోంది. లేత నీలం. దాన్ని చూస్తూ నిలబడ్డాను. అక్కకి కొత్త మూలుగ ఇచ్చే ఆ మనిషిని తలుచుకున్నాను. ఎవరో, ఏ ఊరో. తనకేమీ కాని మనిషి కోసం ఎముకలో సూది గుచ్చుకోనిస్తున్నారు. నేను సొంత చెల్లెల్ని. మిగతా నాలుగూ ఇక తప్పు చెబుదామన్న ఆలోచన లేకుండా చెప్పాను. ఉంది. లేదు. ఉంది. ఉంది.

అత్తయ్య వెనకనుంచి చేతులు ముందుకి తెచ్చారు. రెండూ పిడికిళ్ళే. ఒక్క వేలు కూడా విప్పి లేదు.

"నాకింకా కనిపించట్లేదే" అన్నారు మా ఆయన.

"అందుకే మీరు లిఫ్టులు బాగుచేస్తున్నారు" అన్నాను.

మూడో రోజుకి నాకు జ్వరం వచ్చి, ఆ గీత తరఫున సాక్ష్యం చెప్పింది. కానీ ఆ మధ్యాహ్నం నా దగ్గర ఉన్నది అత్తయ్య పిడికిళ్ళే. నర్సుకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. "ఫోటోలో ఏమీ లేదు కదమ్మా" అంది ఆ అమ్మాయి. ఫోటోలో లేదు, డబ్బీలో ఉంది అన్నాను. మంచిదమ్మా, పేషెంటుకి చెబుతాను అంది. వద్దు, నేనే చెబుతానన్నాను. మూతికి గుడ్డ కట్టుకుని, శాలువా తీసుకుని, వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. తలుపు అవతల అత్తయ్య మంచినీళ్ళ చెంబు పెట్టిన చప్పుడైంది. పెట్టి వెళ్ళిపోలేదు, చాలాసేపు అక్కడే ఉన్నారు.

సరిగ్గా నాలుగింటికి శాలువా కప్పుకుని ఫోన్ చేశాను.

"కింద ఉన్నావా?" అంది అక్క.

"ఇంట్లో ఉన్నాను."

అంతా చెప్పాను. పాలల్లో చుక్కంత గులాబీ, అట్టకి కోసిన సందు, నాణెం. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఎన్ని?" అంది చివరికి.

"పదికి పది."

"ఊ" అంది. ఫ్యాక్టరీలో బాగా చేసినప్పుడు కూడా అంతే అనేది.

"అక్కా, నాకు రావాలనుంది" అన్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా బయటికొచ్చేసింది. నలభై ఏళ్ళు దాటినదాన్ని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. అక్క ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు" అంది. "తొమ్మిది వచ్చుంటే వచ్చేసేదానివా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ రోజు నాకు అబద్ధాలు కలిసిరావడం లేదు.

"వచ్చేసేదాన్ని."

"నేనూ రానిచ్చేదాన్ని" అంది అక్క.

ఫోన్లో ఆసుపత్రి చక్రాల బల్ల ఏదో దొర్లుతూ వెళ్ళిపోయింది.

"ఏం వేసుకున్నావు?"

"శాలువా. ఆకుపచ్చ. నువ్వు చూడలేదు, నేనొక్కదాన్నే కలిపాను."

"ఫోన్లో చూపిస్తావా?"

"ఫోన్లో ఆకుపచ్చ ఆకుపచ్చలా ఉండదని నువ్వే అంటావుగా."

"నిజమే. అయితే పాళ్ళు చెప్పు."

కళ్ళు తుడుచుకున్నాను. "పసుపు రెండు పాళ్ళు."

"ఏ పసుపు? ముదురుదా, నిమ్మపండుదా?"

"నిమ్మపండుది. నీలం ముప్పాతిక."

"ఊ."

"ఎరుపు అరపావు."

"ఎరుపెందుకు?"

"లేకపోతే మరీ పచ్చిగా, కొత్త ప్లాస్టిక్ బక్కెట్టులా ఉంది."

"ఎంతసేపు ఉంచావు?"

"గంట. రెండుసార్లు కడిగాను."

"ఆరాకే చూశావా?"

"ఆరాకే చూశాను అక్కా."

"ఉండు" అంది. "కళ్ళు మూసుకోనీ."

నేను ఊపిరి చప్పుడు కూడా వినపడకుండా కూర్చున్నాను. తెల్ల గదిలో, తెల్ల దుప్పటి మీద, అక్క కళ్ళ వెనక కుండీలో ముందు పసుపు పడి ఉంటుంది. తరవాత నీలం. చివర్న చిటికెడు ఎరుపు.

"కనిపించిందే" అంది. "బావుంది. చాలా బావుంది." ఆగి, "ఎరుపు వెంట్రుకవాసి ఎక్కువైంది" అంది.

"ఏం కాలేదు" అన్నాను టక్కున. రోషమొచ్చింది. కొన్నవాళ్ళే ఏమీ అనలేదు, చూడకుండా తనెలా అంటుంది? లేచి, ఉత్తరం కిటికీ తలుపు బార్లా తెరిచి, శాలువా అంచు వెలుతురులోకి చాపాను. ఈ మడతలో, ఆ మడతలో, ఎండ లేనిచోట, బాగా చూశాను.

"అవునే" అన్నాను. "ఎక్కువే అయింది."

"సరిచేసి ఉంచు" అంది అక్క. "ఆరబెట్టి ఉంచు. వచ్చి చూస్తాను."